ఒక ఊరికి ఎందరు దంతవైద్యులు కావాలి? షెఫీల్డ్ చెప్పే చరిత్ర

ఒక ఊరికి ఎంతమంది దంతవైద్యులు కావాలి? పైకి ఇది త్రైరాశికంతో తేలిపోయే లెక్కలాగే కనిపిస్తుంది. జనాభా ఇంత, ఒక వైద్యుడు ఏడాదికి చూడగలిగే రోగులు ఇందరు, కాబట్టి కళాశాలల్లో ఇన్ని సీట్లు ఉండాలి. బ్రిటన్ ఈ లెక్కను రెండవ ప్రపంచయుద్ధం తరువాత కనీసం నాలుగుసార్లు వేసింది: 1956లో, 1980లలో, 2004లో, 2023లో. నాలుగవ లెక్క ఫలితం ఇంకా తేలవలసి ఉంది. తొలి మూడింటిలోనూ ఒకటే జరిగింది. ఆ లెక్క ప్రకారం కళాశాలలో చేరిన విద్యార్థులు పట్టా పుచ్చుకుని బయటికి వచ్చేసరికి జనం నోళ్ళ పరిస్థితో, వైద్యుడికి డబ్బు చెల్లించే పద్ధతో మారిపోయింది. కొరత ఉందనుకున్నచోట మిగులు, మిగులు ఉందనుకున్నచోట కొరత తేలాయి.

లెక్క వేసినవారు అసమర్థులు కారు. వారు వేసుకున్న ప్రశ్నలోనే లోపం ఉంది. వైద్యుల తలలు లెక్కించడం సులువు. ఏ జబ్బుకు, ఏ పేటలో, ఎవరి ఖర్చుతో, ఏ అర్హత ఉన్న మనిషి చేత వైద్యం అందాలన్నది తేల్చడం కష్టం. ఈ తేడాను ఒక్క ఊరి చరిత్రలో చూడాలంటే ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరం తగిన ఉదాహరణ. ఆ ఊరి కథ చివరికి హైదరాబాదు, నల్లగొండ, శ్రీకాకుళాల దాకా వస్తుంది.

ఉక్కు, మిఠాయి

దక్షిణ యార్క్‌షైర్‌లో సుమారు ఐదున్నర లక్షల జనాభా ఉన్న నగరం షెఫీల్డ్. కత్తులు, చాకులు, ఉక్కు దాని పేరు నిలబెట్టిన వస్తువులు. 1913లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కును రూపొందించినది ఇక్కడే. నేడు ప్రపంచమంతటా దంతవైద్యుల చేతుల్లో కనిపించే చిన్న అద్దం, కొక్కెం, పటకారు అన్నీ ఆ స్టెయిన్‌లెస్ స్టీలు కుటుంబానికి చెందినవే.

అదే ఊరు మిఠాయిలకూ పుట్టిల్లు. జార్జ్ బాసెట్ 1842లో ఇక్కడ మిఠాయి వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ సంస్థ పేరు తెచ్చుకున్న లికరిస్ ఆల్‌సార్ట్స్ 1899 నాటివి. 1911లో థార్న్‌టన్స్ చాకొలెట్ దుకాణం, 1921లో సింప్‌కిన్స్ మిఠాయి కార్ఖానా ఇక్కడే వెలిశాయి. బ్రిటన్ ప్రభుత్వం 1874లో చక్కెర మీద సుంకం ఎత్తివేయడంతో చక్కెర శ్రామికుల ఇళ్ళలోకి ధారాళంగా వచ్చింది. తెల్ల రొట్టె, దాని మీద జామ్, తియ్యటి టీ వారి రోజువారీ ఆహారమయ్యాయి. దంతక్షయం, అంటే పళ్ళు పుచ్చిపోయే జబ్బు, ధనికుల నోటి నుంచి పేదల నోటికి దిగిన కాలం అది.

ఇక నీరు. షెఫీల్డ్ తాగే నీరు చుట్టుపక్కల కొండనేలల మీద కట్టిన జలాశయాల నుంచి వచ్చే మెత్తని నీరు. 1880లలో ఆ ఆమ్లపు నీరు సీసపు గొట్టాలను కరిగించి ఊరిలో సీసపు విషం వ్యాపించడం వైద్యచరిత్రలో నమోదై ఉంది. పంటికి మేలు చేసే పాటి ఫ్లోరైడు మాత్రం ఆ నీటిలో లేదు. ఈ విషయం మళ్ళీ అవసరమవుతుంది.

పీకడమే వైద్యం

పందొమ్మిదవ శతాబ్దంలో పన్ను నొప్పికి ఉన్న మందు పన్ను పీకించుకోవడమే. ఆ పని మందుల దుకాణదారులు, కమ్మరులు, సంతల్లో తిరిగేవారు చేసేవారు. 1878 చట్టం దంతవైద్యులకు మొదటిసారి ఒక రిజిస్టరు ఏర్పరచింది. అయితే అది కాపాడినది ‘డెంటిస్టు’ అన్న పేరునే. రిజిస్టరులో లేనివారు ఆ పేరు పెట్టుకోకుండా అదే పని చేసుకోవచ్చు. ఈ వెసులుబాటు నలభై ఏళ్ళకు పైగా సాగింది. 1921 చట్టంతో రిజిస్టరు కానివారు ఈ వృత్తి చేయడం నేరమైంది. అప్పటికే చాలాకాలంగా పని చేస్తున్నవారిని చదువు లేకపోయినా రిజిస్టరులో చేర్చుకోక తప్పలేదు. వారిని తొలగిస్తే పేదపేటల్లో పన్ను పీకే మనిషే మిగలడు. ఎవరు వైద్యుడు అన్న నిర్వచనాన్ని కూడా కొరతే నిర్ణయించిన సందర్భం అది.

ప్రభుత్వాన్ని పళ్ళ వైపు తిప్పినది యుద్ధం. 1899 నుంచి 1902 దాకా సాగిన బోయర్ యుద్ధానికి సైనికులను ఎంపిక చేసేటప్పుడు, ఎందరో యువకుల పళ్ళు సైన్యమిచ్చే ఆహారాన్ని నమలడానికి కూడా పనికిరావని తేలింది. బడిపిల్లల పళ్ళను తప్పనిసరిగా పరీక్షించాలని విలియం ఫిషర్ అనే దంతవైద్యుడు 1885లోనే వాదించాడు. 1898లో బడి దంతవైద్యుల సంఘం ఏర్పడింది. 1907లో జార్జ్ కనింగ్‌హామ్ చొరవతో కేంబ్రిడ్జిలో బడిపిల్లలకు మొదటి దంతవైద్యశాల తెరిచారు. పెద్దవాళ్ళ పళ్ళు పీకుతూ కూర్చోవడం కన్నా పిల్లల పళ్ళు కాపాడడం మేలన్న ఆలోచనకు ఈ విధంగా నూరేళ్ళు దాటాయి.

అప్పట్లో వైద్యం ఖర్చుకు షెఫీల్డ్ కార్మికులు తమదైన దారి వెతుక్కున్నారు. 1920ల ఆరంభంలో అక్కడి ఆసుపత్రుల మండలి ‘పౌనుకొక పెన్నీ’ పథకం పెట్టింది. సంపాదించిన ప్రతి పౌనులో ఒక పెన్నీ ఇస్తే ఆసుపత్రి వైద్యానికి భరోసా. ఆ పథకపు వారసురాలే నేటి వెస్ట్‌ఫీల్డ్ హెల్త్ సంస్థ. కంటికి, పంటికి అయ్యే ఖర్చులో కొంత తిరిగి చెల్లించే పాలసీలను అది ఇప్పటికీ అమ్ముతోంది. ప్రభుత్వ వైద్యం వచ్చి డెబ్బై అయిదేళ్ళు దాటినా ఇటువంటి పాలసీలకు గిరాకీ తగ్గలేదంటే, ఆ ప్రభుత్వ వైద్యం పంటి దగ్గర ఎక్కడో ఆగిపోయిందని అర్థం.

1948: అందరికీ ఉచితం, పిల్లలకు మాత్రం కొరత

1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. పంటి వైద్యం కూడా పూర్తిగా ఉచితం. జనం ఎగబడ్డారు. దశాబ్దాలుగా నొప్పిని ఓర్చుకున్నవారు ఉన్న పళ్ళన్నీ పీకించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు. ఉత్తర ఇంగ్లండ్ పారిశ్రామిక పట్టణాల్లో పెళ్ళికి ముందే ఆడపిల్లకు పళ్ళన్నీ పీకించి కట్టుడు పళ్ళు కానుకగా ఇప్పించే ఆచారం ఉండేదని చెప్తారు. తరువాత భర్తకు ఆ ఖర్చు తప్పుతుందని. పళ్ళు ఎలాగూ పోయేవేనన్న నమ్మకం అంత బలంగా ఉండేది.

ఖర్చు అంచనాలను దాటిపోయింది. దంతవైద్యులకు చేసిన పనినిబట్టి రుసుము చెల్లించేవారు కాబట్టి వారి ఆదాయాలు పెరిగాయి, ప్రభుత్వం రుసుములు తగ్గించింది. 1951లో కట్టుడు పళ్ళకు, కళ్ళద్దాలకు రోగి కొంత చెల్లించాలన్నారు. ఆరోగ్య సేవను స్థాపించిన అన్యూరిన్ బెవన్ అందుకు నిరసనగా మంత్రిపదవి వదులుకున్నాడు. మరుసటి ఏడాది దంతచికిత్సకు కూడా ఒక పౌను రుసుము వచ్చింది. జాతీయ ఆరోగ్య సేవలో ఉచితం అన్న మాటకు మొదటి గండి పడినది ఇటువంటి చోటనే. ఆ గండి మళ్ళీ పూడలేదు.

ఈ గొడవలో పెద్దగా చర్చకు రాని నష్టం ఒకటి జరిగింది. గర్భిణులకు, పిల్లలకు ముందు వైద్యం అందాలన్నది ప్రకటిత లక్ష్యం. కాని రుసుములు ఎక్కువ వచ్చే సాధారణ వృత్తిలోకి బడి దంతవైద్యులు వెళ్ళిపోయారు. పెద్దల నోళ్ళలో కట్టుడు పళ్ళు అమరుతుంటే బడుల్లో పిల్లలను చూసే వైద్యులు తగ్గారు. దేశంలో ఉన్న దంతవైద్యులు అంతకుముందు ఎందరో అప్పుడూ అందరే. డబ్బు చెల్లించే తీరు మారింది, వైద్యులు కదిలారు, వైద్యం అందినవారు మారారు.

లెక్కలు, ఎదురుదెబ్బలు

వైద్యులు చాలరని స్పష్టమయ్యాక ప్రభుత్వం మెక్‌నేర్ కమిటీని వేసింది. 1956 నివేదికలో ఆ కమిటీ దంతవిద్యను బాగా విస్తరించాలని సూచించింది. షెఫీల్డ్‌లో 1953లో తెరిచిన చార్లెస్ క్లిఫర్డ్ దంత ఆసుపత్రి ఈ విస్తరణ కాలానికే చెందుతుంది. విశ్వవిద్యాలయపు దంతవైద్య విభాగానికి అది నేటికీ శిక్షణా కేంద్రం.

1950ల నోటిని చూసి వేసిన లెక్క అది. 1968లో ఇంగ్లండ్, వేల్స్‌లలో పెద్దవారిలో 37 శాతం మందికి ఒక్క పన్నూ లేదు. అయితే 1970ల ఆరంభంలో ఫ్లోరైడు కలిపిన టూత్‌పేస్టు మార్కెట్టులోకి వచ్చి, ఆ దశాబ్దం ముగిసేసరికి అమ్ముడయ్యే పేస్టులు దాదాపు అన్నిటిలోనూ ఫ్లోరైడు చేరింది. పుచ్చినవి, ఊడినవి, నింపినవి కలిపి ఒక్కొక్క పిల్లవాడికి ఎన్ని పళ్ళు చెడ్డాయో లెక్కించే పద్ధతి ఒకటుంది. పన్నెండేళ్ళ పిల్లల్లో ఆ సగటు 1973లో దాదాపు 5, 1983లో దాదాపు 3, 1993 నాటికి 1కి కాస్త ఎక్కువ. ఏ దంతవైద్యుడి కుర్చీ ఎక్కకుండానే, స్నానాల గదిలో జరిగిన మార్పు ఇది.

ఆ అంకెలు చూసి 1980లలో రెండవ లెక్క వేశారు. జబ్బు తగ్గుతోంది కాబట్టి వైద్యులు మిగిలిపోతారన్నారు. విద్యార్థుల చేరికలు తగ్గించారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రి దంతకళాశాల, ఎడిన్‌బరో దంతకళాశాల 1990లలో మూతపడ్డాయి. ఈసారి మరచిపోయినది పెద్దలను. పళ్ళు పీకించుకోకుండా నింపించుకున్న తరం నడివయసుకు వచ్చింది. వారి నోటి నిండా ఎప్పటికప్పుడు మరమ్మతు కావలసిన లోహపు పూరకాలున్నాయి. 2009లో జిమ్మీ స్టీల్ సమర్పించిన సమీక్షలో ఈ తరం ప్రస్తావన ప్రముఖంగా ఉంది. పిల్లల పళ్ళు బాగుపడుతున్న కాలంలోనే పెద్దల పళ్ళకు పని పెరిగింది.

దానికి తోడు 1990లో కొత్త ఒప్పందం వచ్చింది. ఖర్చు అంచనాను మించడంతో 1992లో రుసుములు 7 శాతం తగ్గించారు. చాలామంది వైద్యులు అప్పటినుంచి ప్రైవేటు రోగుల వైపు మళ్ళారు. వారు దేశం విడిచిపోలేదు, వృత్తి మానలేదు. అదే వీధిలో, అదే కుర్చీ దగ్గర ఉన్నారు. ప్రభుత్వ ధరకు మాత్రం దొరకలేదు. రెండేళ్ళలో ప్రతివారికీ ప్రభుత్వ దంతవైద్యుడు అందుబాటులో ఉంటాడని ప్రధాని టోనీ బ్లేర్ 1999లో మాట ఇచ్చాడు. 2004 ఫిబ్రవరిలో యార్క్‌షైర్‌లోని స్కార్‌బరోలో ఒక కొత్త దంతవైద్యశాల తెరిస్తే పేరు నమోదు చేసుకోవడానికి వందలమంది వీధిలో బారులు తీరారు. ఇరవయ్యేళ్ళ తరువాత, 2024 ఫిబ్రవరిలో, బ్రిస్టల్‌లోని సెంట్ పాల్స్‌లో అదే దృశ్యం మళ్ళీ కనిపించింది.

మూడవ లెక్క ఆ 2004లోనే వచ్చింది. 2003లో 1,850 మంది దంతవైద్యులు తక్కువ ఉన్నారని, 2011 నాటికి ఈ కొరత 3,640 నుంచి 5,100 దాకా పెరగవచ్చని ప్రభుత్వ సమీక్ష తేల్చింది. వెంటనే వెయ్యిమందికి సమానమైన సిబ్బందిని సమకూర్చాలని, ఏటా 170 సీట్లు పెంచాలని నిర్ణయించారు. పోలండ్ వంటి దేశాల నుంచి వైద్యులను రప్పించారు. ప్లిమత్, ప్రెస్టన్, అబర్డీన్‌లలో కొత్త కళాశాలలు వచ్చాయి. ఈలోగా చెల్లింపు పద్ధతి మరోసారి మారిపోయింది.

83వ నంబరు బస్సు

2006 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్‌లో ‘యూనిట్ ఆఫ్ డెంటల్ యాక్టివిటీ’ అన్న కొలత అమలులోకి వచ్చింది. పరీక్షకు 1 యూనిట్, పన్ను నింపినా పీకినా 3, కట్టుడు పళ్ళకు, తొడుగులకు 12. ఒక పన్ను నింపినా ఏడు పళ్ళు నింపినా వైద్యుడికి దక్కేది ఆ 3 యూనిట్లే. 2022 చివరలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ పళ్ళు నింపితే 5 యూనిట్లని సవరించేదాకా, పదహారేళ్ళు ఈ నియమం నడిచింది. పళ్ళు బాగా పాడైన రోగిని చేర్చుకుంటే వైద్యుడికి నష్టం, పళ్ళు బాగున్న రోగి ఆరునెలలకొకసారి వస్తే లాభం. పేదపేటలో వైద్యశాల పెట్టాలనుకునేవారిని నిరుత్సాహపరచడానికి ఇంతకన్నా వేరే నిబంధన అక్కరలేదు.

ఇంకొక నియమం దీర్ఘకాలంలో అంతకన్నా ఎక్కువ నష్టం చేసింది. ఎవరికి ఎన్ని యూనిట్లు కేటాయించాలన్నది అంతకుముందు ఒక ఏడాదిలో ఆ వైద్యశాల చేసిన పనినిబట్టి నిర్ణయించారు. అప్పటికి వైద్యం ఎక్కడ దొరుకుతోందో డబ్బు అక్కడే స్థిరపడింది, అవసరం ఎక్కడ ఉందన్నది లెక్కలోకి రాలేదు. వైద్యం అవసరం ఎక్కువగా ఉన్నచోటనే అది తక్కువగా దొరుకుతుందని వేల్స్‌లో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో రాశాడు. 2006 ఒప్పందం ఆ పరిస్థితికి కాగితం మీద ముద్ర వేసింది.

షెఫీల్డ్‌లో ఈ భౌగోళిక అంతరం బస్సు కిటికీలోంచి కనిపిస్తుంది. నగర న్యాయసంఘం 2013 నివేదిక 83వ నంబరు బస్సును ఉదాహరణగా తీసుకుంది. మిల్‌హౌసెస్ దగ్గర బస్సు బయలుదేరేచోట స్త్రీల సగటు ఆయుర్దాయం 86 ఏళ్ళు. నలభై నిమిషాల ప్రయాణం తరువాత బర్న్‌గ్రీవ్ చేరేసరికి అది 77. నైరుతి షెఫీల్డ్ సంపన్నుల కొండవాలు. ఈశాన్యం పాత ఉక్కు మిల్లుల చుట్టూ పెరిగిన శ్రామికవాడ, ఇప్పుడు పాకిస్తాన్, యెమెన్, సోమాలియాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతం. పళ్ళు కూడా ఆ బస్సు దారినే అనుసరిస్తాయి.

వందేళ్ళకు పైగా దంతవైద్యం నేర్పుతున్న ఊరు, డెబ్బై ఏళ్ళు దాటిన దంత ఆసుపత్రి ఉన్న ఊరు షెఫీల్డ్. అక్కడి అయిదేళ్ళ పిల్లల్లో దంతక్షయం ఇంగ్లండ్ సగటు కన్నా ఎక్కువ. 2022 సర్వేలో ఆ జాతీయ సగటు 23.7 శాతం. అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు ఇంగ్లండ్‌లో ఆసుపత్రిలో చేరడానికి అన్నిటికన్నా తరచైన కారణం పుచ్చిన పళ్ళే. మత్తుమందిచ్చి ఒకేసారి నాలుగైదు పళ్ళు తీసే ఆ శస్త్రచికిత్సకు కావలసిన నిపుణులు షెఫీల్డ్‌లో ఉన్నారు. ఆ శస్త్రచికిత్స అవసరం రాకుండా చూసే మనుషులే కరువు.

తెలుగునాట అదే లెక్క, తలకిందులుగా

బ్రిటన్‌లో ఆరోగ్య సేవ మొదలైన 1948లోనే, మార్చి 29న, భారతదేశంలో దంతవైద్యుల చట్టం వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు భోర్ కమిటీ దేశంలో మూడు లక్షల మందికి ఒక్క దంతవైద్యుడున్నాడని నమోదు చేసింది. రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించిన కళాశాల దేశంలో మొదటిది. హైదరాబాదులో 1959లో ఉస్మానియా వైద్యకళాశాల అనుబంధ విభాగంగా దంతవిద్య మొదలైంది. అఫ్జల్‌గంజ్‌లోని నేటి ప్రభుత్వ దంతకళాశాల దాని కొనసాగింపే.

ఆ తరువాత ముప్ఫై ఏళ్ళు నెమ్మదిగా నడిచిన ఈ విద్య 1990ల నుంచి ప్రైవేటు కళాశాలలతో ఒక్కసారిగా పెరిగింది. నేడు దేశంలో 300కు పైగా దంతకళాశాలలు, ఏటా 25 వేలకు పైగా సీట్లు ఉన్నాయి. ఇక్కడ సీట్ల సంఖ్యను నిర్ణయించినది ప్రజల నోటి ఆరోగ్యమూ కాదు, ప్రభుత్వ ఉద్యోగాల సంఖ్యా కాదు. పిల్లను డాక్టరు చేయాలన్న కోరిక, ఎం.బి.బి.ఎస్. సీటు దొరక్కపోవడం, ఫీజు కట్టగల స్తోమత. పట్టభద్రులు పట్టణాల్లో ఒకే వీధిలో పక్కపక్కనే బోర్డులు పెట్టుకున్నారు. అదే జిల్లాలో పల్లెటూరి మనిషికి పన్ను నొప్పి వస్తే దిక్కు ఆర్.ఎం.పి. వైద్యుడో, మందుల దుకాణంలో బిళ్ళో, లవంగ నూనో. హైదరాబాదులో మెడికల్ కోడింగ్ సంస్థల్లో బి.డి.ఎస్. పట్టభద్రులు కూర్చుని పనిచేయడం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద జబ్బులకు పెద్ద ఆసుపత్రులను చూపింది. 2018లో తెలంగాణ ‘కంటి వెలుగు’ ఊరూరా కళ్ళు పరీక్షించి అద్దాలిచ్చింది. పళ్ళకు అటువంటి ఊరూరి పథకం రాలేదు.

ఒకచోట వైద్యుడు దొరకని రోగులు, మరొకచోట పని దొరకని వైద్యులు. ఈ రెండింటినీ కలిపితే సమస్య తీరుతుందనిపించడం సహజం. తెలుగు దంతవైద్యులు ఎందరో ఇంగ్లండ్ చేరిన దారి అదే. కాని ఆ దారిలో ఒక సన్నని గుమ్మం ఉంది. 2007 నుంచి ‘ఓవర్సీస్ రిజిస్ట్రేషన్ ఎగ్జామ్’ రెండు భాగాలూ నెగ్గితే రిజిస్టరులో పేరు చేరుతుంది. కోవిడ్‌తో 2020లో ఆగిన ఈ పరీక్ష 2022లో గాని మళ్ళీ మొదలుకాలేదు. స్థలాలు కొద్ది, అభ్యర్థులు వేలు. ఎదురుచూసే కాలంలో దంత నర్సులుగా పనిచేసేవారు చాలామంది. దంతవైద్య పట్టాతోనే హైజీనిస్టుగా, థెరపిస్టుగా నమోదు చేసుకునే వీలు ఒకటి ఉండేది. 2023 మార్చిలో ఆ తలుపు కూడా మూసుకుంది. పర్యవేక్షణలో పనిచేసేందుకు తాత్కాలిక నమోదు ఇవ్వాలన్న ప్రతిపాదన మీద 2024లో ప్రభుత్వం అభిప్రాయ సేకరణ జరిపింది.

గుమ్మం వెడల్పు చేయడం ఆ వైద్యులకు న్యాయం, రోగులకు మేలు. బర్న్‌గ్రీవ్ పిల్లలకు మాత్రం దానంతట అదే పన్ను కాపాడదు. పరీక్ష నెగ్గి వచ్చిన వైద్యుడికీ వర్తించేది ఆ యూనిట్ల ఒప్పందమే. రెండుమూడేళ్ళలో అతడూ తన తోటివారిలాగే ప్రైవేటు వైపు చూస్తే తప్పు పట్టడానికి లేదు. బ్రిటన్ రిజిస్టరులో 44 వేలకు పైగా దంతవైద్యులున్నారు. ఇంగ్లండ్‌లో ఒక ఏడాదిలో ప్రభుత్వ వైద్యం కొంతైనా చేసేవారు సుమారు 24 వేలు. 2022 ఆగస్టులో బి.బి.సి. జరిపిన పరిశీలనలో పదింట తొమ్మిది వైద్యశాలలు కొత్త పెద్దవయసు రోగులను ప్రభుత్వ ఖర్చు మీద చేర్చుకోవడం లేదని తేలింది. పంపులో నీరు పెంచినంత మాత్రాన కారే కుండ నిండదు.

నీరు, చుట్ట, బ్రష్షు

పళ్ళ చరిత్రలో పెద్ద మార్పులు వైద్యుడి కుర్చీకి వెలుపలే జరిగాయనడానికి తెలుగునేల కూడా సాక్ష్యం. నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దరిదాపుల్లో ఉంటే పంటికి మేలు, చాలా ఎక్కువైతే పళ్ళకు గార, ఎముకలకు వైకల్యం. ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతం నుంచి వివరించారు. నల్లగొండ పేరు ఈ జబ్బుకు పర్యాయపదమైంది. అక్కడ మేలు చేసినది పళ్ళ డాక్టర్లు కాదు, భూగర్భజలం బదులు ఊళ్ళకు చేరిన కృష్ణ నీరు. షెఫీల్డ్‌ది ఇందుకు సరిగ్గా వ్యతిరేకమైన లోపం. 1964 నుంచి నీటిలో ఫ్లోరైడు కలుపుకుంటున్న బర్మింగ్‌హామ్ దారిని ఆ నగరం పట్టలేదు.

శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో నిప్పు ఉన్న కొస నోటిలోపల పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు, అడ్డపొగ, ముఖ్యంగా స్త్రీలలో ఉండేది. దానివల్ల అంగిలికి వచ్చే పుండ్లు, క్యాన్సరు ప్రపంచ దంతవైద్య సాహిత్యంలోకెక్కాయి. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందారుల మీద జరిగిన అధ్యయనం 1986లో ‘లాన్సెట్’లో వచ్చింది. నోటిని పరీక్షించి, మనిషితో మాట్లాడి, పదేపదే నచ్చజెప్పినచోట పొగాకు వాడకం, క్యాన్సరుకు ముందు వచ్చే తెల్లమచ్చలు తగ్గాయని అది చూపింది. ఆ పనికి ముఖ్యంగా కావలసినవి డ్రిల్లు, కుర్చీ కావు. ఊరికి మళ్ళీ వచ్చే మనిషి.

షెఫీల్డ్ ఇటీవల చేసినది ఈ మాటకు దగ్గరగానే ఉంది. అక్కడి దంతకళాశాల పరిశోధకులు లీడ్స్ పరిశోధకులతో కలిసి, శిశువిహారాల్లోను బడుల్లోను టీచర్ల పర్యవేక్షణలో రోజూ పళ్ళు తోమించే కార్యక్రమాలు ఎందుకు కొన్నిచోట్ల నిలుస్తాయో, ఎందుకు కొన్నిచోట్ల ఆగిపోతాయో పరిశీలించారు. స్కాట్లండ్‌లో ఇటువంటి పథకం చికిత్స మీద ఆదా చేసిన సొమ్ము పథకం ఖర్చును మించింది. 2025 మార్చిలో ఇంగ్లండ్ ప్రభుత్వం పేదప్రాంతాల్లోని మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల కోసం దీన్ని జాతీయ కార్యక్రమంగా ప్రకటించింది.

దంతవైద్యుడు కాకుండానే చికిత్స చేసే సిబ్బంది ఆలోచన కూడా పాతదే. న్యూజిలాండ్ 1921లో బడి దంత నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది. అదే తరహాలో లండన్‌లోని న్యూక్రాస్‌లో 1960లో ఒక పాఠశాల తెరిచారు, 1983లో మూసేశారు. వైద్యులు మిగిలిపోతారని భయపడిన దశాబ్దంలోనే ఆ పాఠశాల పోయిందన్నది గమనించదగ్గది. 2013 నుంచి థెరపిస్టులు వైద్యుడి సిఫారసు లేకుండా రోగిని చూడవచ్చు. షెఫీల్డ్ వారికి శిక్షణ ఇస్తోంది. వారి పూర్తి నైపుణ్యాన్ని వాడుకునే ఒప్పందం మాత్రం ఇంకా వెనకబడే ఉంది.

నాలుగవ లెక్క

2023 జూన్‌లో వెలువడిన దీర్ఘకాల సిబ్బంది ప్రణాళిక దంతవిద్య సీట్లను 2031-32 నాటికి 40 శాతం పెంచి 1,100 దాటిస్తామంటోంది. సీట్లు పెంచడం తప్పు కాదు. ఎనభై ఏళ్ళ వయసులోనూ సొంత పళ్ళు, ఇంప్లాంట్లు ఉన్న వృద్ధులు, మతిమరుపు జబ్బుతో సంరక్షణాలయాల్లో ఉన్నవారు పెరుగుతున్నారు. వారికి నిపుణులు కావాలి. కాని ఈ లెక్క కూడా మునుపటివాటిలాగే తలలతో మొదలై తలలతో ముగిస్తే, 2006లో గీసిన పటమే దాని మీద గెలుస్తుంది. పాడైన నోటిని బాగుచేసినందుకు, పేటలో నిలిచినందుకు, పిల్లల పళ్ళు పుచ్చకుండా కాపాడినందుకు డబ్బు దక్కే ఒప్పందం సీట్లకన్నా ముందు రావాలి. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాల ముందున్నదీ ఇదే పని. అక్కడ సీట్లు ఇప్పటికే ఎక్కువ. కావలసినవి ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల్లో ఉద్యోగాలు, బడికి వెళ్ళే బృందాలు, ఆశా కార్యకర్తకు నోరు పరీక్షించడం నేర్పే నాలుగు రోజుల శిక్షణ.

కాలం లెక్క ఒకటి మిగిలింది. 2031లో చేరే విద్యార్థి అయిదేళ్ళ చదువు ముగించుకుని బయటికి వచ్చేది 2036లో. మొదటి శాశ్వత దవడపన్ను మొలిచేది సుమారు ఆరేళ్ళ వయసులో. ఈ రోజు బర్న్‌గ్రీవ్‌లోనో, నల్లగొండ పక్క పల్లెలోనో అయిదేళ్ళున్న పిల్లకు, ఆ కొత్త వైద్యుడు వచ్చేసరికి జ్ఞానదంతాలు తప్ప పళ్ళన్నీ వచ్చేసి ఏళ్ళు గడిచి ఉంటాయి. ఆమె పళ్ళ సంగతి తేలేది వచ్చే రెండు మూడేళ్ళలో, ఇప్పుడున్న మనుషుల చేతుల్లోనే.